మిస్డ్ కాల్ ఇస్తే వార్త: సీజీనెట్ స్వర శాంతికి ఎంత పనికొచ్చింది?

ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల పోరు నడిచిన బస్తర్ ప్రాంతం గురించి మన పత్రికల్లో వచ్చే వార్తకు ఒక మూస ఉంది. మొదటి వాక్యంలో మృతుల సంఖ్య, రెండో వాక్యంలో దొరికిన తుపాకుల లెక్క, మూడో వాక్యంలో ఎస్పీ గారి పేరు. కాల్పులు జరిగిన ఊళ్ళో ఎన్ని గడపలున్నాయో, అక్కడివాళ్ళు ఏ భాష మాట్లాడతారో, ఊరి బోరింగు పనిచేస్తోందో లేదో అందులో ఉండదు. ఊరివాళ్ళే ఫోన్‌లో వార్త చెప్పి, ఫోన్‌లోనే వినే సీజీనెట్ స్వర సరిగ్గా ఆ బోరింగు దగ్గర మొదలుపెట్టిన సేవ. 'శాంతి జర్నలిజం' అనే మాట సెమినార్లలో చాలా వినిపిస్తుంది గానీ, దాన్ని చేతిలో పట్టుకుని వాడి చూడగలిగే వస్తువుగా తయారుచేసిన ప్రయత్నాలు మన చుట్టుపక్కల తక్కువ. అందుకే దీన్ని ఒక సేవగానే చూసి, ఏది పనిచేసింది, ఏది బెడిసింది చెప్పుకుందాం.

2010 ఫిబ్రవరిలో ఇది మొదలైంది. మొదలుపెట్టిన శుభ్రాంశు చౌదరి అంతకుముందు బీబీసీలో ప్రొడ్యూసర్. సాంకేతిక సాయం బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసిన బిల్ థీస్ వైపు నుంచి వచ్చింది. ఆలోచన చాలా సాదాసీదాది. అడవిలో పేపరు రాదు, వచ్చినా చదివేవాళ్ళు తక్కువ, చదివినా అది అక్కడి ఆదివాసుల భాష గోండీలో ఉండదు. ఎఫ్ఎం పెడదామంటే మన దేశంలో కమ్యూనిటీ రేడియోకి సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 నుంచి నడిచిన సంఘం రేడియో విత్తనాల గురించి, వంటల గురించి, పాటల గురించి ఎంతైనా చెప్పొచ్చు, వార్తా బులెటిన్ మాత్రం చదవకూడదు. టెలిఫోన్ కాల్‌కి ఆ అడ్డు లేదు. కీప్యాడ్ ఫోన్ ఉన్నవాడే విలేకరి, వాడే శ్రోత.

వాడే పద్ధతి ఇది. బెంగళూరు నంబరుకు కాల్ చేస్తే రింగై కట్ అవుతుంది. కాసేపటికి సర్వరే తిరిగి కాల్ చేస్తుంది, మనకు పైసా ఖర్చు లేదు. 1 నొక్కితే మన సందేశం రికార్డు చేసుకోవచ్చు, 2 నొక్కితే ఇప్పటికే విడుదలైనవి వినొచ్చు. రికార్డయిన ప్రతిదీ నేరుగా గాలిలోకి పోదు. మోడరేటర్ విని, అవసరమైతే పంపినవాళ్ళకు ఫోన్ చేసి, నిజమో కాదో ఆరా తీసి, అనవసరమైనది కత్తిరించి విడుదల చేస్తారు. అదే ఆడియో, కింద చిన్న సారాంశంతో వెబ్‌సైట్‌లోకీ వెళ్తుంది. మొదటి రెండేళ్ళలోనే కాల్స్ పదుల వేలు దాటాయి, విడుదలైన సందేశాలు మాత్రం వేలల్లోనే. అంటే ఎక్కువమంది వినడానికే చేశారు. ఇది లోపం కాదు, పేపరైనా అంతే కదా, రాసేవాళ్ళు పదిమంది, చదివేవాళ్ళు వెయ్యిమంది.

అసలు కిటుకు మెనూలో లేదు, సందేశం చివరి పది సెకన్లలో ఉంది. కూలి ఎగ్గొట్టారనో, రేషన్ బియ్యం రాలేదనో చెప్పిన మనిషి, ఆ పని చేయాల్సిన అధికారి హోదా, ఫోన్ నంబరు కూడా చెప్పి, 'వింటున్నవాళ్ళు దయచేసి ఈ సారుకి ఒక ఫోన్ కొట్టండి' అని ముగిస్తాడు. ఢిల్లీలోనో పుణెలోనో విన్నవాళ్ళు నిజంగానే కొడతారు. బ్లాక్ ఆఫీసులో కూర్చున్న అధికారికి ముక్కూ ముఖం తెలియని పదిమంది నుంచి, అదీ ఒకే ఊరి ఒకే బోరింగు గురించి ఫోన్లు వస్తే ఆ ఇబ్బంది వేరు. పని జరిగాక అదే మనిషి మళ్ళీ ఫోన్ చేసి 'అయింది, థ్యాంక్స్' అని రికార్డు చేస్తాడు. ఈ రెండో సందేశం లేకపోతే ఇది ఒట్టి ఫిర్యాదుల పెట్టె. అది ఉండబట్టే వార్తకు ముగింపు అనేది ఒకటి ఏర్పడింది. మన దినపత్రికల్లో 'అధికారులు స్పందించాలని కోరుతున్నారు' అన్న వాక్యం తర్వాత ఏం జరిగిందో ఎప్పుడైనా చదివామా?

ఇలాంటి సేవలో రికార్డింగ్ ఎలా చేస్తే మోడరేటర్ బల్ల దాటుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ సందేశాలు చచ్చేది ఇక్కడే. పేరు, ఊరు, పంచాయతీ, బ్లాకు, జిల్లా ముందు చెప్పాలి. ఒకే పేరున్న ఊళ్ళు బస్తర్‌లోనే బోలెడు. తర్వాత సమస్య ఒక్కటే, రెండోది ఉంటే ఇంకో కాల్. 'చాలా రోజుల నుంచి' అనకూడదు, తేదీ చెప్పాలి. ఉపాధి హామీ కూలి 15 రోజుల్లో పడాలని చట్టమే చెబుతోంది కాబట్టి పని ముగిసిన తేదీ లేకపోతే ఆలస్యం జరిగిందని రుజువు చేయలేం. ఎంతమందికి, ఎన్ని రోజుల కూలి, ఎవరికి ఎప్పుడు చెప్పారు, ఆ అధికారి నంబరు. ఇంతకీ రెండు నిమిషాలు చాలు. బీప్ రాకముందే మాట్లాడటం మొదలుపెడితే ఊరి పేరే పోతుంది. సిగ్నల్ కోసం గుట్టెక్కి మాట్లాడేవాళ్ళ ఫోన్‌లో గాలి హోరు తప్ప ఏమీ వినపడదు, గాలికి వీపు చూపించి అరచేయి అడ్డం పెట్టుకోవాలి. అధికారి బదిలీ అయి పాత నంబరు ఇచ్చేయడం ఇంకో మామూలు తప్పు. ఫోన్ చేసిన శ్రోతలంతా సంబంధం లేని మనిషిని విసిగించి ఊరుకుంటారు.

గోండీ సందేశాలకు ఇంకో అవస్థ ఉంది. హిందీలో వచ్చినది ఏ మోడరేటరైనా వినగలడు, గోండీది వినాలంటే గోండీ వచ్చినవాళ్ళే కావాలి. అందులోనూ బస్తర్ గోండీ వేరు, గడ్చిరోలిది వేరు, మన ఆదిలాబాద్ గోండీ వేరు, భద్రాచలం వైపు కోయ మాట తీరు వేరు. 2011 జనగణనలో గోండీ మాతృభాషగా చెప్పినవాళ్ళు దాదాపు 30 లక్షలు. ఇంతమంది మాట్లాడే భాషకు ఆరేడు రాష్ట్రాల్లో ఎక్కడికక్కడ హిందీ, మరాఠీ, తెలుగు, ఒడియా మాటలు వచ్చి చేరాయి. స్వర బృందం 2014 నుంచి వివిధ రాష్ట్రాల గోండులను కూర్చోబెట్టి ఉమ్మడి పదకోశం తయారీకి పూనుకున్నది ఈ అవసరంతోనే. 2018లో సుమారు 3,000 మాటలతో అది వచ్చింది. చూడటానికి భాషాశాస్త్రం పనిలా కనిపిస్తుంది గానీ దీన్ని సంఘర్షణ పరిష్కారం ఖాతాలోనే వేయాలి. ఊరివాడు చెప్పేది పోలీసుకు అర్థం కాదు, టీచరుకు అర్థం కాదు, తహసీల్దారుకు అర్థం కాదు. దళంలో ఉన్నవాడికి మాత్రం అర్థమవుతుంది. ముప్పై ఏళ్ళపాటు ఎవరి మాట చెల్లుబాటైందో ఊహించడానికి ఇంతకన్నా లెక్కలు అక్కర్లేదు. గోండీ ద్రావిడ భాష, హిందీకన్నా తెలుగుకు దగ్గర చుట్టం. ఇక్కణ్ణుంచి వెళ్ళిన దళ నాయకులు గోండీ అంత త్వరగా పట్టుకోవడానికి ఇదీ ఒక కారణమై ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. దీనివల్ల శాంతి పెరిగిందా?

నార్వేకు చెందిన శాంతి అధ్యయనవేత్త యోహాన్ గాల్టుంగ్ చెప్పిన కొలబద్ద తీసుకుంటే, యుద్ధ జర్నలిజం పెద్దల మాటలనూ గెలుపోటములనూ వెంటాడుతుంది, శాంతి జర్నలిజం మామూలు జనాన్నీ పరిష్కారాన్నీ చూస్తుంది. ఈ కొలతలో స్వరకు మొదటి తరగతి మార్కులు పడతాయి. కలెక్టరు ప్రకటన కాదు, మావోయిస్టు కేంద్ర కమిటీ ప్రకటన కాదు, కూలి రాని మనిషి గొంతు అక్కడ శీర్షిక. పైగా ఆ గొంతు ఎవరి తరఫునా మాట్లాడటం లేదు. ఆగిపోయిన కూలి డబ్బు, విరిగిన బోరింగు, లంచం అడిగిన ఫారెస్టు గార్డు, ఇవి పరిష్కారం కాకుండా మిగిలిపోతే రేపు ఎవరో ఒకరు వాటిని తమ ఆయుధంగా వాడుకుంటారు. ఆ మందుగుండును చిన్నగా ఉన్నప్పుడే తడిపేయడం ఈ సేవ చేసిన మంచి. 'శాంతి' అనే మాట ఒక్కసారి కూడా పలకని సందేశాలే శాంతికి ఎక్కువ పనిచేశాయి. ఈ సమీక్షలో గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే.

శాంతి అనే మాటను బోర్డు మీద రాసుకుని చేసిన పనుల ఫలితం అంత స్పష్టంగా కనిపించదు. 2018 అక్టోబర్ 2న చింతూరు దగ్గరి చట్టి నుంచి జగదల్‌పూర్‌కు పాదయాత్ర సాగింది. గాంధీ ఆశ్రమం ఉన్న చోటు నుంచి, ఆంధ్ర నేల మీద నుంచి మొదలుపెట్టడం వెనక ఒక ఆలోచన ఉంది: మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వా జుడుం కాలంలో బస్తర్ వదిలి వచ్చిన కుటుంబాలు గోదావరి చుట్టుపక్కల అడవుల్లోనే తలదాచుకున్నాయి. ఆ తర్వాత సైకిల్ యాత్ర, మరో పాదయాత్ర. వీటికి పేపర్లో ఫొటో వచ్చింది. కానీ మాట్లాడుకోవాల్సిన రెండు పక్షాల్లో ఏ ఒక్కటీ ఆ యాత్ర వల్ల బల్ల దగ్గరికి వచ్చి కూర్చోలేదు. వార్తా వేదిక నడిపేవాళ్ళే ఉద్యమం కూడా నడిపితే వచ్చే చిక్కు కూడా ఇందులో ఉంది. నిన్నటిదాకా 'ఎవరైనా చెప్పొచ్చు' అన్న వేదిక మీద ఇప్పుడు 'మేం ఇది కోరుతున్నాం' అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఒక పక్షానికి రుచించకపోతే ఫోన్ చేసినవాడికి ప్రమాదం.

అయినా ఆ యాత్ర దారిలో ఒక గట్టి పని జరిగింది. వలస వచ్చిన కుటుంబాలకు అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం) కింద భూమి అడగొచ్చన్న సంగతి ప్రచారంలోకి వచ్చింది. 2005 డిసెంబర్ 13కు ముందు అక్రమంగా ఖాళీ చేయించబడిన ఆదివాసులకు పునరావాస హక్కును గుర్తించే క్లాజు ఇది. ఇక్కడే తేదీల విలువ తెలుస్తుంది. జుడుం మొదలైంది 2005 జూన్‌లో. ఆ ఆరు నెలల్లో ఊరు వదిలినవాళ్ళు క్లాజు పరిధిలోకి వస్తారు, 2006లో వదిలినవాళ్ళకు ఆ దారి మూసుకుపోతుంది, ఎంత ఘోరం జరిగినా సరే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు జుడుంను చట్టవిరుద్ధమంది గానీ పారిపోయినవాళ్ళ పట్టా సమస్య దాంతో తీరలేదు. కాబట్టి ఇలా బస్తర్ నుంచి వచ్చిన గుత్తికోయల మీద రాసే ఏ విలేకరైనా 'పోడు ఆక్రమణ' అని శీర్షిక పెట్టే ముందు, ఆ కుటుంబం ఏ నెలలో, ఏ ఊరి నుంచి బయలుదేరిందో రాసుకుంటే అది రేపు దరఖాస్తుకు పనికొచ్చే ఆధారం. రాయకపోతే ఫారెస్టు సిబ్బందికీ వాళ్ళకూ జరిగిన తగాదా వార్త ఒకటి మిగులుతుంది, అంతే.

లోపాల్లో అన్నిటికన్నా బరువైనది భద్రత. కాల్ చేసినవాడి నంబరు సర్వర్లో నమోదవుతుంది, అది తప్పదు. కానీ తన పేరు, ఊరు, నంబరు సందేశంలోనే చెప్పడం ఇక్కడ ఆనవాయితీ అయింది. శ్రోత తిరిగి సంప్రదించడానికి అది పనికొచ్చిన మాట నిజమే. అయితే ఇది ఫోన్ చేతిలో ఉన్నందుకే ఒకవైపు పోలీసు ఇన్ఫార్మర్ అని, ఇంకోవైపు నక్సలైట్ల కొరియర్ అని అనుమానించిన నేల. కూలి గురించి చెప్పినప్పుడు పేరు చెప్పడం వేరు, కాల్పుల గురించి చెప్పినప్పుడు చెప్పడం వేరు. రెండింటికీ ఒకే పద్ధతి పెట్టడం తప్పు. హింసకు సంబంధించిన సందేశమైతే మోడరేటర్ గొంతు మార్చి, ఊరి పేరు బదులు బ్లాకు పేరు మాత్రమే ఉంచి, రెండు మూడు రోజులు ఆగి విడుదల చేయాలి. ఎవరు ఎవరికి అన్నం పెట్టారు, క్యాంపు ఏ దిక్కున ఉంది, ఎవరు దారి చూపించారు లాంటి వివరాలు నిజమైనా సరే కత్తిరించాల్సిందే. ఈ పనికి నియమావళి కాగితం మీద ఉండాలి, మోడరేటర్ మనసులో ఉంటే సరిపోదు.

నిజానిజాల తనిఖీ రెండో బలహీనత. మోడరేటర్ ఎక్కడో పట్నంలో కూర్చుంటాడు, ఊరు రోడ్డుకు ముప్పై కిలోమీటర్లు. ఫోన్ చేసి అడగడమే అతనికున్న సాధనం. బోరింగు విషయంలో అబద్ధం చెప్పి ఎవరూ బాగుపడరు కాబట్టి గొడవ లేదు. సర్పంచి డబ్బు తిన్నాడని చెప్పినప్పుడు మాత్రం చెప్పినవాడు పోయిన ఎన్నికల్లో ఓడిపోయిన అభ్యర్థి బావమరిదా అన్నది తెలుసుకోవాలి. అదే ఊరి నుంచి సంబంధం లేని ఇంకో గొంతు దొరికేదాకా ఆగడం మంచిది. ఎదుటివాడికి అదే నంబరుకు కాల్ చేసి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, ఆ జవాబు మొదటి సందేశం పక్కనే వినిపించాలి. విడివిడిగా వినిపిస్తే ఊళ్ళో రెండు ముఠాలు తయారవుతాయి.

ఆడవాళ్ళ గొంతులు తక్కువ. ఫోన్ మగవాడి జేబులో ఉంటే ఇంకేం జరుగుతుంది! దీనికి వాళ్ళు వెతికిన మందు 'బుల్టూ రేడియో'. బుల్టూ అంటే ఊరివాళ్ళ నోట బ్లూటూత్. ఊళ్ళో రికార్డు చేసిన కార్యక్రమం ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు బ్లూటూత్‌లో మారుతూ, వారపు సంతకు వెళ్ళేవాళ్ళతో పక్క ఊరికి చేరుతుంది. వినేవాళ్ళకు సిగ్నల్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, వాళ్ళ నంబరు సర్వర్లో పడదు. సంత అనేది అడవిలో అసలైన వార్తా సంస్థ అని గుర్తించినందుకు దీనికి పూర్తి మార్కులు. కాకపోతే ఒకసారి సంతలోకి పోయిన ఆడియోను వెనక్కి తీసుకోలేం. తప్పు దొర్లితే సవరణ అదే దారిలో, అదే వేగంతో వెళ్తుందన్న హామీ లేదు.

పక్కన పెట్టి పోల్చడానికి మన అనుభవం ఒకటుంది. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో రాష్ట్ర ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగినప్పుడు, దానికి ముందు ఏడేళ్ళు విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక నేల చదును చేసింది. ఆ వేదికలో సీనియర్ సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు సభ్యుడు. ఒక జర్నలిస్టు రెండు వైపులా నమ్మకం సంపాదించి మధ్యలో నిలబడటం ఎలా ఉంటుందో ఆయన చూపించారు. అదే సమయంలో గెస్ట్‌హౌస్ బయట కెమెరాలు వెంటాడింది మాత్రం నాయకుల రాకపోకలను. లోపల భూమి గురించి ఏం మాట్లాడారన్నది జిల్లా పేజీల దాకా రాలేదు. 2005 జనవరికల్లా అంతా చెదిరిపోయింది. స్వరలో పొత్తూరి లాంటి మనిషి పాత్రకు చోటు లేదు, అది యంత్రం కాబట్టి. మంజీరా దగ్గర లేనిది, అంటే ఊరి గొంతు, స్వరలో దండిగా ఉంది.

ఇంకో రకం పని 2021లో కనిపించింది. ఏప్రిల్ 3న బీజాపూర్ జిల్లా టేకుల్‌గూడ దగ్గర 22 మంది జవాన్లు చనిపోయి, సీఆర్‌పీఎఫ్‌లోని కోబ్రా దళం జవాను ఒకడు మావోయిస్టుల చేతికి చిక్కాడు. ఐదు రోజుల తర్వాత అతణ్ణి వెనక్కి తెచ్చిన బృందంలో గాంధేయవాది ధర్మపాల్ సైనీ లాంటి పెద్దలతోపాటు స్థానిక విలేకరులున్నారు. వాళ్ళలో ఒకరైన ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరిలో హత్యకు గురయ్యాడు, అదీ రోడ్డు పనిలో అవినీతి వార్త తర్వాత, ఆ కేసులో కాంట్రాక్టరు నిందితుడు. అదే జిల్లా బాసగూడలో 2013 డిసెంబర్‌లో సాయి రెడ్డి అనే విలేకరిని మావోయిస్టులు చంపారు. స్థానిక విలేకరికి ఉన్న పరిచయం, తెగువ ఏ సర్వర్‌కూ రావు. అలాగే ఒక్క మనిషి మీద అంత భారం వేయకుండా వెయ్యి గొంతులకు పంచడం సర్వర్‌కే సాధ్యం. ఈ రెండూ కలిసి పనిచేసి ఉంటే బాగుండేది, స్వర సందేశాన్ని పట్టుకుని స్థానిక విలేకరి ఊరికి వెళ్ళి, తేల్చిన నిజాన్ని మళ్ళీ స్వరకు చెప్పే ఏర్పాటు గట్టిపడలేదు.

భద్రాచలం, ఉట్నూరు వైపు ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్ళకు ఖర్చు లెక్క. తిరిగి కాల్ చేసేది సర్వర్ కాబట్టి బిల్లంతా నడిపేవాళ్ళదే. రోజుకు 500 కాల్స్, ఒక్కోటి 4 నిమిషాలు అనుకుంటే రోజుకు 2,000, నెలకు 60,000 నిమిషాలు. పీఆర్ఐ అనే డిజిటల్ టెలిఫోన్ లైను ఒక్కదానిలో ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. సంత రోజు సాయంత్రం అందరూ ఒకేసారి మిస్డ్ కాల్ ఇస్తే క్యూ పెరిగి, తిరిగి కాల్ వచ్చేసరికి మనిషి సిగ్నల్ దాటిపోయి ఉంటాడు. మామూలు సిమ్ములతో నడుపుదామనుకుంటే, ఒకే సిమ్ నుంచి రోజుకు వందల కాల్స్ పోతే కంపెనీ స్పామ్ అనుకుని ఆపేస్తుంది. చిన్నగా మొదలుపెట్టడానికి మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళే ఇచ్చిన ఐవీఆర్ జంక్షన్ అనే, ఫోన్ మెనూ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ మంచి నమూనా, ఒక కంప్యూటరు, ఒక మోడెంతో నడిచేలా చేశారు. కానీ యంత్రం ఖర్చు ఎప్పుడూ తక్కువే. కోయ, గోండీ వచ్చిన ఇద్దరు మోడరేటర్లు, వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా మహిళ, వాళ్ళ జీతం ఎవరిస్తారన్నది తేలకుండా నంబరు ప్రకటించకూడదు. విరాళం ఆగిన నెలలో మోడరేటర్ మానేస్తే, ఫోన్లు వస్తూనే ఉంటాయి, సందేశాలు పేరుకుంటూనే ఉంటాయి, గుట్టెక్కి మాట్లాడి దిగినవాడు మాత్రం ఇంకోసారి ఎక్కడు.